జాసా: ఒక జాతా, అనేక జాతులా?

జాసా మార్మొరేటా సముద్రంలో బతికే చిన్న ఆంఫిపోడ్. రొయ్యలు, పీతలు చేరే క్రస్టేషియాలోనే ఇదీ చేరుతుంది. ఎదిగిన జీవి పొడవు సాధారణంగా సెంటీమీటరు లోపే. రేవుల్లో తేలే బోయాలు, ఓడల అడుగుభాగాలు, రేవు స్తంభాలు, సముద్రంలో నిలబెట్టిన గాలిమరల పునాదులు దీని నివాసాలు. అక్కడ గొట్టాలు కట్టుకుని గుంపులు గుంపులుగా ఉంటుంది. అమెరికా జంతుశాస్త్రవేత్త ఎస్. జె. హోమ్స్ 1905లో దీన్ని ప్రత్యేక జాతిగా వర్ణించాడు. అయినా ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా చాలామంది దీన్ని జాసా ఫాల్కాటాలోనే కలిపి లెక్కించారు. ఇవి రెండూ వేరా, ఒకటేనా అన్నది తేలాలంటే ఈ జీవి శరీరంలో ఏ భాగాన్ని నమ్మాలో ముందు తేలాలి. ఈ సంవాదంలో పూర్వపక్షం పాత ఏకజాతి వాదానిది, ఉత్తరపక్షం 1990 తర్వాత నిలబడిన బహుజాతి వాదానిది.

పూర్వపక్షం: తేడాల సంగతి తర్వాత. ముందు ఆంఫిపోడ్ శరీరం ఎలా ఉంటుందో చెప్పండి. ఏ అవయవం ఎక్కడుందో తెలియకుండా ఏది పెద్దది, ఏది చిన్నది అని వాదించి లాభం లేదు.

ఉత్తరపక్షం: ఆంఫిపోడ్‌కు రొయ్యకున్నట్టు తలనూ ఉరాన్నీ కలిపి కప్పే పెంకు ఉండదు. ఖండితాలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఒళ్లు రెండు పక్కల నుంచీ నొక్కినట్టు ఉంటుంది, అందుకే గాజు పలక మీద పెడితే పక్కకు ఒరిగిపోతుంది. కళ్లు కాడల మీద కాకుండా నేరుగా తలకే అతుక్కుని ఉంటాయి. తలకు రెండు జతల స్పర్శశృంగాలు. జాసాలో రెండో జత మొదటిదానికంటే లావుగా, బలంగా, నిండా శూకాలతో ఉంటుంది. గొట్టం మూతి దగ్గర నిలిచి ఈ జతను నీటి ప్రవాహంలోకి చాపి, కొట్టుకొచ్చే ఆహారపు రేణువులను శూకాలతో ఒడిసి పడుతుంది.

పూర్వపక్షం: కాళ్లు?

ఉత్తరపక్షం: తల వెనక ఏడు ఖండితాలు, వాటికి ఏడు జతల కాళ్లు. మొదటి రెండు జతలు గ్నాథోపాడ్‌లు, పట్టుకోవడానికి పనికొచ్చేవి. మూడు, నాలుగు జతలు ముందువైపుకు, చివరి మూడు జతలు వెనకవైపుకు తిరిగి ఉంటాయి. ప్రతి కాలూ ఏడు ముక్కలది. పైన పలకలా వెడల్పుగా కోక్సా, దాని కింద బేసిస్, ఇస్కియం, మీరస్, కార్పస్, ప్రొపోడస్, చివర గోరులాంటి డాక్టైలస్. కాళ్ల మొదళ్ల లోపలివైపు మొప్పలుంటాయి. ఎదిగిన ఆడదానికి అక్కడే పల్చటి పలకలు నాలుగు జతలు కలిసి ఒక సంచి ఏర్పడుతుంది. గుడ్లు అందులోనే పొదిగి, బయటికొచ్చే పిల్లలు తల్లి ఆకారంలోనే ఉంటాయి. నీటిలో తేలుతూ దూరాలకు కొట్టుకుపోయే డింభక దశ వీటికి లేదు. ఈ సంగతి ముందు ముందు అవసరమవుతుంది. ఇక ఉదరానికి ఆరు ఖండితాలు. ముందు మూడింటికి ఈత కాళ్లు, వెనక మూడింటికి యూరోపాడ్‌లు, అన్నింటికీ చివర టెల్సన్.

పూర్వపక్షం: ఇదంతా ఆంఫిపోడ్‌లన్నింటికీ ఇంచుమించు వర్తించేదే. బోయా మీద గీకి తీసిన ముద్దలో జాసాను ఎలా పోల్చుకోవాలి? గొట్టాలు కట్టే ఆంఫిపోడ్‌లు ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఉత్తరపక్షం: ప్రజాతి వరకు గుర్తించడం కష్టం కాదు. అసలు ఆనవాలు తోక దగ్గర ఉంది. మూడో యూరోపాడ్‌ను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాలి. దానికి రెండు శాఖలుంటాయి. వెలుపలి శాఖ కొనలో వీపువైపుకు వంగిన ఒక గట్టి ముల్లు, కొక్కెంలా దిగబడి ఉంటుంది. ఆ ముల్లుకు కాస్త వెనకగా చిన్న పళ్లలాంటి మొనలు కనిపిస్తాయి. దగ్గరి బంధువైన ఇస్కిరోసీరస్‌లో అక్కడ పెద్ద కొక్కెం ఉండదు, చిన్న చిన్న పళ్ల వరసే ఉంటుంది. ఎరిక్థోనియస్‌లో మూడో యూరోపాడ్‌కు ఒకే శాఖ. పైగా దాని మగవాటిలో రెండో గ్నాథోపాడ్ పట్టు కార్పస్ నుంచి పొడుచుకొచ్చిన భాగానికీ ప్రొపోడస్‌కూ మధ్య ఉంటుంది. కొరోఫియం వర్గంలో ఒళ్లు పైనుంచి కిందికి చదునుగా ఉంటుంది. కాప్రెల్లాలో ఉదరం దాదాపు లేనట్టే, పుల్ల ముక్కలా కనిపిస్తుంది. తోక కొన చూసే ఓపికుంటే జాసా ప్రజాతిని తప్పుగా గుర్తించే అవకాశం తక్కువ.

పూర్వపక్షం: గొట్టం దేనితో కడుతుంది?

ఉత్తరపక్షం: మూడు, నాలుగు జతల కాళ్లలో గ్రంథులున్నాయి. వాటి స్రావం డాక్టైలస్ కొన నుంచి దారంగా బయటికొస్తుంది. దానితో బురద రేణువులను, నాచు ముక్కలను అతికి గొట్టం అల్లుతుంది. గొట్టం కట్టే మరో ఆంఫిపోడ్ క్రాసికొరోఫియం బొనెల్లీ దారం మీద 2012లో అధ్యయనం వెలువడింది. ఉప్పునీటిలో కూడా పనిచేసే పట్టు అన్న మాట శాస్త్రరంగంలో గట్టిగా వినిపించింది అప్పుడే. గుర్తింపుకు వస్తే, ఈ కాళ్ల బేసిస్‌లో గ్రంథి కణజాలం నిండి ఉండటం గొట్టం కట్టే గుంపు అని చెబుతుందే గానీ జాతిని చెప్పదు.

పూర్వపక్షం: సరే, ఇప్పుడు అసలు వాదానికి వద్దాం. ఎదిగిన మగ జాసా రెండో గ్నాథోపాడ్ చూడగానే కంటికి తగులుతుంది. ప్రొపోడస్ ఒంటికి మించిన పెద్దది. దాని లోపలి అంచు నుంచి ఒక పొడుగాటి మొన, బొటనవేలిలా ముందుకు పొడుచుకొస్తుంది. కొన్నింటిలో అది పొడుగు, కొన్నింటిలో పొట్టి. కొన్నింటిలో అసలు లేనే లేదు. 19వ శతాబ్దపు వర్గీకర్తలు ఇలాంటి తేడా కనిపించినప్పుడల్లా కొత్త జాతి అని పేరు పెట్టుకుంటూ పోయారు. జార్జ్ మాంటెగ్యూ 1808లో ఇంగ్లండ్‌లోని డెవన్ తీరం నుంచి ఫాల్కాటాను వర్ణించాడు. విలియం లీచ్ 1814లో జాసా ప్రజాతిని ఏర్పరచి అందులో కొత్త జాతుల పేర్లు పెట్టాడు. తర్వాతివాళ్లు ఇంకా చేర్చారు. 1951లో సెక్స్టన్, రీడ్ ఈ జీవి జీవితచక్రాన్ని, పాత రచనలన్నింటినీ కలిపి పరిశీలించారు. ఇవన్నీ ఒకే బహురూపి జాతి రూపాలని తేల్చారు. రూపం చూసి పేరు పెట్టే అలవాటుకు వాళ్లు వేసిన అడ్డుకట్ట అది. మళ్లీ పేర్లు విడగొట్టడం వెనకడుగు కాదా?

ఉత్తరపక్షం: సెక్స్టన్, రీడ్ చెప్పినదాంట్లో సగం నిక్కంగా నిజం. బొటనవేలి పొడవును బట్టి జాతులను విడగొట్టడం తప్పేనని వాళ్లు గట్టిగా నిరూపించారు. ప్లిమత్ ప్రయోగశాలలో ఆంఫిపోడ్‌లను ఏళ్ల తరబడి పెంచి చూసిన అనుభవం సెక్స్టన్‌ది. ఆ పనిని తక్కువ చేయడానికి లేదు. కానీ ఆ రూపభేదం ఒకే జాతిలో ఉంటుందని తేలినంత మాత్రాన, ఆ పేరు కింద ఉన్న జీవులన్నీ ఒకే జాతి అని తేలదు. అలాంటి రూపభేదం ఉన్న జాతులు ఒకటికి మించి పక్కపక్కనే బతుకుతూ ఉండొచ్చు. కెనడా శాస్త్రవేత్త కాథ్లీన్ కోన్లన్ పట్టుకున్నది సరిగ్గా ఈ మెలికనే.

పూర్వపక్షం: బొటనవేలు ఎందుకు ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా ఉంటుందో ముందు చెప్పాలి. అది తేలకపోతే మిగతాదంతా గాలిమేడే.

ఉత్తరపక్షం: కోన్లన్ 1989లో ప్రచురించిన వ్యాసం పూర్తిగా ఈ ప్రశ్న మీదే. మగది కుబుసం విడుస్తూ ఎదుగుతుంది. చివరి కుబుసానికి ముందు అన్ని దశల్లోనూ దాని రెండో గ్నాథోపాడ్ ఆడదాని గ్నాథోపాడ్‌లాగే ఉంటుంది. చివరి కుబుసం విడిచినప్పుడే బొటనవేలు బయటపడుతుంది. ఆ తర్వాత మగది మళ్లీ కుబుసం విడవదు. ఆడది మాత్రం ఈనిన తర్వాత కూడా కుబుసాలు విడుస్తూ ఎదుగుతూనే ఉంటుంది. అంటే మగదానికి బొటనవేలు వచ్చిందంటే అదే తుది రూపం. ఆ తుది రూపం రెండు రకాలు. బొటనవేలు పొడుగ్గా ఉండే మేజర్ రూపం, పొట్టిగా ఉండే మైనర్ రూపం. మేజర్ మగవి ఆడవాటి దగ్గర కాపుకాసి పోట్లాడతాయి. మైనర్‌వి పోట్లాడవు, చాటుగా వచ్చి జతకడతాయి. చిన్న మగవి ఎదిగి పెద్ద మగవి అవుతాయని అనుకున్నవాళ్లు ఈ రెంటినీ ఒకే వరసలో పేర్చారు. నిజానికి అవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చే దశలు కావు, విడిపోయిన రెండు దారులు.

పూర్వపక్షం: రెండు దారులంటే రెండు జన్యు వంశాలా?

ఉత్తరపక్షం: కాదు. జాసా మార్మొరేటా మీద కర్డ్‌జీల్, నోల్స్ చేసిన ప్రయోగాలు 2002లో వెలువడ్డాయి. మగది ఏ రూపం తీసుకుంటుందన్నది తండ్రి నుంచి సంక్రమించే లక్షణం కాదనీ, తిన్న తిండి నాణ్యతను బట్టి నిర్ణయమవుతుందనీ వాటిలో తేలింది. మాంసకృత్తులు ఎక్కువున్న తిండి దొరికినవి మేజర్ రూపం వైపు మొగ్గాయి. ఒకే తల్లి పిల్లల్లో రెండు రూపాలూ రావచ్చు. ఇక బొటనవేలి పొడవు మీద ఆధారపడి జాతి పేరు ఎలా రాయగలం? మగది బాగా తిన్నదా లేదా అన్నదే అందులో ఎక్కువగా కనిపిస్తుంది.

పూర్వపక్షం: మీ మాటలే ఏకజాతి వాదానికి బలం ఇస్తున్నాయి. తిండిని బట్టి మారే అవయవం ఉన్నప్పుడు మిగతావి మాత్రం మారవని ఎలా నమ్మాలి?

ఉత్తరపక్షం: అందుకే తిండిని బట్టి మారని, మగ ఆడ తేడా లేకుండా కనిపించే లక్షణాలు వెతకాలి. కోన్లన్ 1990 సవరణలో ఆధారంగా తీసుకున్నవి ఎక్కువగా శూకాలు. మొదటి గ్నాథోపాడ్ కార్పస్ ముందు అంచు చివర, ప్రొపోడస్ కలిసే మూలలో శూకాల సంఖ్య, పొడవు. రెండో గ్నాథోపాడ్ బేసిస్ ముందు అంచు వెంట ఉన్న శూకాలు ఎంత పొడుగ్గా ఉన్నాయన్నది. హనువు మీద ఉన్న మూడు ముక్కల పాల్ప్‌లో రెండో ముక్క అంచున శూకాల వరస. రెండో స్పర్శశృంగం మీద ఈకల్లాంటి శూకాలు. వీటిలో చాలావరకు ఆడవాటిలోనూ చూడొచ్చు. బొటనవేలి ఆకారం కూడా పనికొస్తుంది, కానీ తుది రూపం దాల్చిన మగదానిలోనే, అదీ మేజర్‌ను మేజర్‌తో, మైనర్‌ను మైనర్‌తో పోల్చినప్పుడే.

పూర్వపక్షం: శూకాలు కూడా ఎదుగుదలతో పెరుగుతాయి. చిన్నదానికి రెండున్నచోట పెద్దదానికి ఆరుంటాయి. విరిగిపోతాయి కూడా. గీకి తీసి, జల్లెడ పట్టి, సీసాలో వేసిన జీవికి శూకాలు నిక్కచ్చిగా మిగులుతాయా?

ఉత్తరపక్షం: ఈ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఏ ఒక్క శూకం మీదా తీర్పు ఇవ్వకూడదు. మూడు నాలుగు చోట్ల చూసి, అన్నీ ఒకే జాతిని చూపించినప్పుడే పేరు రాయాలి. విరిగిన శూకానికి మొదట్లో గుంట మిగులుతుంది, ఎక్కువ పెంపులో చూస్తే అది కనబడుతుంది. మరీ చిన్న పిల్లలను జాతి వరకు గుర్తించే ప్రయత్నం చేయకూడదు. ఎదిగినవాటిలో కూడా కాళ్లు విడదీయకుండా, జీవిని అలాగే పక్కకు పడుకోబెట్టి చూసి పేరు రాసేవాళ్లున్నారు. హనువు పాల్ప్ అలా కనబడదు. ఒక పక్క ఉపాంగాలను సన్నటి సూదులతో మొదలంటా విడదీసి, గ్లిజరిన్ చుక్కలో గాజు పలక మీద పరిచి, సంయుక్త సూక్ష్మదర్శినిలో చూడాలి. రెండో పక్కను ముట్టుకోకుండా ఉంచాలి, అనుమానం వస్తే తిరిగి చూసుకోవడానికి.

పూర్వపక్షం: రంగు సంగతేంటి? మార్మొరేటా పేరే చలువరాతి మచ్చలను గుర్తు చేస్తుంది.

ఉత్తరపక్షం: బతికున్నప్పుడు ఎర్రగోధుమ మచ్చలు అందంగా ఉంటాయి. ఆల్కహాల్‌లో వేశాక కొన్నాళ్లకు వెలిసిపోతాయి. మ్యూజియంలో ఉన్న నమూనాకు అన్వయించలేని లక్షణం మీద జాతిని నిలపలేం.

పూర్వపక్షం: అయినా శూకాలు చూసి విడగొట్టినవన్నీ నిజంగా వేర్వేరు జాతులేనని చెప్పేది ఎవరు? రేపు ఇంకెవరో వచ్చి శూకాల తేడా కూడా నీటి ప్రవాహాన్ని బట్టి వచ్చిందని చెప్పొచ్చు.

ఉత్తరపక్షం: ఇక్కడ డీఎన్ఏ సాక్ష్యం ఉంది. మైటోకాండ్రియా జన్యువుల వరసలు చదివినప్పుడు, శూకాల ఆధారంగా విడగొట్టిన మార్మొరేటా, ఫాల్కాటా, హెర్డ్‌మానీ వంటివి వేర్వేరు వంశాలుగానే నిలిచాయి. 2021లో కోన్లన్, డెసిడెరాటో, బీర్మన్ కలిసి ఆకారాన్నీ, డీఎన్ఏనూ పక్కపక్కన పెట్టి ప్రజాతి మొత్తాన్ని మళ్లీ సమీక్షించారు. జాసాలో ఇవాళ గుర్తింపు పొందిన జాతులు 20కి పైనే.

పూర్వపక్షం: డీఎన్ఏ తనంత తాను పేరు చెప్పదు. నమూనాను గుర్తించినవాడు రాసిన పేరే దత్తాంశంలోకి వెళ్తుంది. ఫాల్కాటా అని తప్పు పేరుతో ఒక వరస చేరితే, దానితో పోల్చుకున్న ప్రతివాడూ అదే తప్పు చేస్తాడు. మీ యంత్రం తప్పును ఇంకా వేగంగా వ్యాపింపజేస్తుంది.

ఉత్తరపక్షం: నూటికి నూరుపాళ్లూ నిజం. డీఎన్ఏ తీసిన జీవిని పారేస్తే ఆ వరసకు విలువ సగం పోతుంది. ఒక కాలు ముక్క చాలు డీఎన్ఏకు, మిగతా ఒళ్లును నమూనాగా మ్యూజియంలో భద్రపరచాలి. పేరు మీద అనుమానం వచ్చిన రోజున శూకాలు మళ్లీ చూడటానికి ఆ ఒళ్లు తప్ప గతి లేదు. ఫార్మలిన్‌లో ముంచిన నమూనాలో డీఎన్ఏ పాడవుతుంది కాబట్టి మొదటి నుంచే గాఢమైన ఇథనాల్‌లో వేయాలి.

పూర్వపక్షం: ఇంత శ్రమ పడితే దక్కే లాభమేమిటి? ఫాల్కాటా అన్నా, మార్మొరేటా అన్నా అది బోయా మీద గొట్టం కట్టుకునే పురుగే కదా.

ఉత్తరపక్షం: లాభం లెక్కల్లో తెలుస్తుంది. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ దీవి దగ్గర జాసా జీవితచక్రం మీద నాయర్, ఆంగర్ 1979లో ప్రయోగాలు ప్రచురించారు. చాలా శ్రద్ధగా చేసిన పని, రాసిన పేరు జాసా ఫాల్కాటా. ఆనాటికి అందరూ వాడుతున్న పేరు అదే. అదే దీవి చుట్టూ ఫాల్కాటా, హెర్డ్‌మానీ, మార్మొరేటా మూడూ కలిసి బతుకుతున్నాయని తర్వాత తేలింది. ఇప్పుడు ఆ ఎదుగుదల లెక్కలు ఏ జాతివని చెప్పాలి? 1990కి ముందు ఫాల్కాటా పేరుతో వెలువడిన ప్రతి అధ్యయనానికీ ఈ చిక్కే. నమూనా మిగిలి ఉంటే సరిచూసుకోవచ్చు, లేకపోతే ఆ దత్తాంశం ప్రజాతి స్థాయిలోనే ఆగిపోతుంది.

పూర్వపక్షం: అది గతం. వర్తమానంలో?

ఉత్తరపక్షం: డింభక దశ లేదని ఇంతకు ముందు వచ్చిన సంగతి ఇక్కడ పనికొస్తుంది. పిల్లలు తల్లి దగ్గరే తిరిగే జీవి తనంత తాను మహాసముద్రాలు దాటలేదు. ఓడల అడుగున, తేలే వస్తువుల మీద గొట్టాలతో సహా ప్రయాణం చేస్తుంది. మార్మొరేటా అట్లాంటిక్ నుంచి ఉత్తర అమెరికా పసిఫిక్ తీరానికి చేరిన తీరును పిల్‌గ్రిమ్, డార్లింగ్ 2010లో జన్యు ఆధారాలతో పరిశీలించారు. అన్నీ ఫాల్కాటానే అనుకున్నన్నాళ్లూ ఇలాంటి వలస ఒకటుందని అడగడానికే వీలు లేకపోయింది. ప్రపంచమంతా ఉన్న జాతి ఎక్కడ కనబడినా అది స్థానికమే అనిపిస్తుంది. జాతులు విడిపోయాకే ఏది ఎక్కడిది, ఏది ఎక్కడికి వచ్చింది అన్న ప్రశ్నకు అర్థం వచ్చింది.

పూర్వపక్షం: ఒక గాలిమర పునాది మీద గీకితే వేలకు వేలు వస్తాయి. ఒక్కోదాని హనువు విడదీసి చూసే తీరిక పర్యావరణ సర్వే చేసేవాడికి ఉండదు.

ఉత్తరపక్షం: అన్నింటినీ విడదీయనక్కర్లేదు. ముందు తోక కొన చూసి జాసాలను వేరు చేయాలి. వాటిలో పొట్ట కింద ఏడో ఖండితం దగ్గర రెండు చిన్న పిలకలుంటే మగవి. సంచి పలకలుంటే ఆడవి. రెండూ లేనివి పిల్లలు, వాటిని లెక్కపెట్టి పక్కన పెట్టాలి. ఎదిగిన మగవాటిలో బొటనవేలు ఉన్నవాటిని మేజర్, మైనర్ అని రెండు కుప్పలు చేయాలి. ఒక్కో కుప్పలోంచీ, ఆడవాటిలోంచీ కొన్నింటిని తీసి పూర్తిగా విడదీసి చూస్తే ఆ చోట ఒక జాతే ఉందా, రెండో మూడో ఉన్నాయా తెలుస్తుంది. ఒకటే ఉందని అనుకుని మొదలుపెట్టకూడదు. హెలిగోలాండ్ ఇందుకు చాలినంత హెచ్చరిక.

పూర్వపక్షం: అయితే సెక్స్టన్, రీడ్ పని వృథా అయినట్టేనా?

ఉత్తరపక్షం: లేదు. వాళ్లు బొటనవేలిని జాతి లక్షణం కాకుండా చేశారు. ఆ మెట్టు లేకుండా 1990 సవరణ నిలబడేది కాదు. వాళ్లు ఆగిన చోట నుంచే కోన్లన్ ముందుకు వెళ్లింది.

పూర్వపక్షం: సరే, బొటనవేలి పొడవు జాతిని చెప్పదన్నది మొదటి నుంచీ మా మాటే, అది నిలబడింది. జాసా మొత్తం ఒకే జాతి అన్న మాటను మాత్రం వదులుకోక తప్పదు. మరి శూకాలు విరిగిపోయి, డీఎన్ఏ కూడా తీయలేని నమూనా చేతికొస్తే ఏం రాయాలి?

ఉత్తరపక్షం: చీటీ మీద జాసా అన్న ప్రజాతి పేరు, సేకరించిన చోటు, తేదీ, లోతు, ఏ ఉపరితలం మీద నుంచి తీశారన్నది రాసి, జాతి తేలలేదని పక్కన స్పష్టంగా రాయాలి. అలవాటు కొద్దీ ఫాల్కాటా అని మాత్రం రాయకండి.